లాకు దగ్గర తేలిన తెల్లబట్టల మనిషి

కానిస్టేబుల్ పరీక్షకు తయారవుతున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. పరుగు ఎలా సాధన చేయాలి, సెలవులు దొరుకుతాయా, పెళ్ళాంపిల్లలతో గడపడానికి తీరిక ఉంటుందా అని మొదలుపెడతారు. టీ తాగడం అయ్యాక అసలు ప్రశ్న బయటికి వస్తుంది.

"అంకుల్, లాకు దగ్గర తెల్లబట్టల మనిషి కేసు మీరే చూశారంట గదా. అసలు ఎవరు చంపారు?"

ఎవరైనా చంపారో, తనే పడిపోయాడో నాకు తెలియదంటాను. నమ్మరు. రిటైరైన పోలీసువాడు తెలియదన్నాడంటే ఏదో దాస్తున్నాడని వాళ్ళ లెక్క. ఈమధ్య ఒక కుర్రాడైతే కుర్చీ దగ్గరికి జరుపుకుని, గొంతు తగ్గించి, ఏం జరిగిందో నాకే చెప్పాడు. నేను నా అరుగు మీద కూర్చుని, నా కేసు గురించి, ఆ రోజుల్లో పలకా బలపం పట్టుకుని తిరిగినవాడి నోట విన్నాను. బాగానే చెప్పాడు. నిజం కన్నా బాగుంది.

అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో పేర్లు ఉండవు. చనిపోయినాయన పేరే తెలియనప్పుడు మిగతా మా అందరి పేర్లు ఎందుకు?

సర్వీసు చివర్లో నేను దివిసీమలో ఒక స్టేషన్లో హెడ్ కానిస్టేబులుగా ఉన్నాను. మాది కాలువల చివరి ప్రాంతం. పైనుంచి వచ్చే నీళ్ళతో పాటు పై ఊళ్ళ కష్టాలు కూడా కొట్టుకొచ్చి చివరికి మా దగ్గర ఆగుతాయి. ఒకరోజు పొద్దున్నే లాకు దగ్గర కాలువ షట్టర్లు ఎత్తి దించే లస్కరు ఫోన్ చేశాడు. షట్టర్ల ముందు గుర్రపుడెక్క తొలగిస్తుంటే చెయ్యి కనబడిందన్నాడు.

మేం వెళ్ళాం. మగమనిషి. రోజుల తరబడి నీళ్ళలో ఉండటం వల్ల మొహం చూసి ఎవరూ గుర్తుపట్టే స్థితి లేదు. ఒంటి మీద తెల్ల లాల్చీ, తెల్ల పైజమా. జేబులు ఖాళీ. కాళ్ళకు చెప్పులు లేవు. ఆసుపత్రిలో పోస్టుమార్టం చేసిన డాక్టరు గారు నీళ్ళలో ఊపిరాడక పోయాడని చెప్పారు. తోశారా, జారాడా అంటే, "నీళ్ళు చెప్పవు కదండీ" అన్నారు.

లాల్చీ కింద మాత్రం ఒకటి దొరికింది. నడుముకు ఎర్రదారం మొలతాడు, దానికి చిన్న రాగి తాయెత్తు.

ఇక్కడ మా పని పద్ధతి ఒకటి చెప్పాలి. గుర్తుతెలియని శవం దొరికితే బట్టలు, ఎత్తు, రంగు అందరికీ తెలియజేస్తాం. కానీ ఒక్క గుర్తు మా దగ్గరే దాచుకుంటాం. ఎవరైనా వచ్చి మావాడే అంటే, ఆ దాచిన గుర్తు వాళ్ళ నోటితో రావాలి. అప్పుడే నమ్ముతాం. ఎందుకంటే దుఃఖంలో ఉన్నవాళ్ళు అబద్ధం చెప్పరు గానీ, చొక్కా రంగు కలిస్తే చాలు మనిషి కూడా కలిశాడనుకుంటారు. నెత్తుటిలో ముంచిన అంగీ తెచ్చి ముందు పెడితే, ఒక ముసలి తండ్రి తన కొడుకును క్రూరమృగం తినేసిందని తనే తీర్పు చెప్పుకుని ఏళ్ళ తరబడి ఏడ్చిన సంగతి మేం చిన్నప్పటినుంచీ ఆదివారపు బడిలో విన్నదే. ఆ కొడుకు పరాయి దేశంలో నిక్షేపంగా ఉన్నాడు. బట్టలు చూసి గుర్తుపట్టడం మీద నాకు అప్పటినుంచే నమ్మకం లేదు.

కాబట్టి మొలతాడు సంగతి డాక్టరు గారికి, మా ఎస్సై గారికి, నాకు, నాతో ఉన్న కానిస్టేబులుకి తప్ప ఎవరికీ తెలియకూడదనుకున్నాం. చనిపోయినాయనకు తన ఇంటికి చేరే దారి అదొక్కటే మిగిలింది. ఆ దారి నా చేతిలో ఉందనే స్పృహ నన్ను ఆ రోజులన్నీ వదల్లేదు.

మా కానిస్టేబులు మంచివాడు. కాలువలో దిగమంటే దిగుతాడు, శవం మొయ్యమంటే మోస్తాడు, నన్ను మాత్రం "బ్రదర్ హెడ్డుగారూ" అని ఆటపట్టిస్తాడు. మిగతా స్టేషన్లకు పంపాల్సిన వివరం అతనే రాశాడు. తెల్ల లాల్చీ, పైజమా అని రాసి ఊరుకుంటే సరిపోయేది. చదివేవాళ్ళకు బాగా అర్థం కావాలని, 'బాప్తిస్మం తీసుకునేవారు వేసుకునేలాంటి బట్టలు' అని చేర్చాడు. అతని తప్పు కాదు. మా ప్రాంతంలో పుట్టినవాడికి ఆ బట్టలు చూడగానే అదే గుర్తొస్తుంది. ఆదివారాలు కాలువ గట్టు మీద వెళ్తే, తెల్లబట్టలతో వరసగా నిలబడినవాళ్ళు, నడుముల్లోతు నీళ్ళలో పాస్టరు, గట్టు మీద పాటలు, ఇవన్నీ బస్సులోంచి కూడా కనబడతాయి. ఎస్సై గారిది కడప వైపు. ఆయనకు ఆ మాటలో పొరపాటేమీ కనబడలేదు. సంతకం చేశారు.

మధ్యాహ్నం భోజనాల వేళకి అది జిల్లాలో ప్రతి ఫోనులోనూ ఉంది. సాయంత్రానికి 'లాంటి' అనే మాట రాలిపోయింది.

లాకుకు ఎగువన, కాలువ పక్కనే ఒక చిన్న రేకుల ప్రార్థన మందిరం ఉంది. అది మా సంఘం కాదు. దాని పాస్టరు గారు వయసు మళ్ళినాయన, బక్కపల్చటి మనిషి. మైకు లేకుండానే మాట్లాడేవారు. శవం దొరకడానికి ముందు వారంలోనే ఆయన ఆ రేవులో కొంతమందికి బాప్తిస్మం ఇచ్చారు. ఇక చెప్పేదేముంది. నీళ్ళలో ముంచినప్పుడు ఒకాయన ఊపిరాడక పోయాడని, పాస్టరు శవాన్ని ప్రవాహానికి వదిలేశాడని కథ తయారైంది.

ఆయన తను బాప్తిస్మం ఇచ్చినవాళ్ళందరినీ వెంటబెట్టుకుని స్టేషనుకు వచ్చారు. అందరూ బతికే ఉన్నారు. పేరు పేరునా చూపించారు. బయట టీకొట్టు దగ్గర ఒకాయన ఏమన్నాడో నా చెవులతో విన్నాను.

"వచ్చినోళ్ళని చూపించాడయ్యా, బానే ఉంది. రానోణ్ణి చూపించమను."

"ఔను మరి, చచ్చినోడు ఎలా వస్తాడు?" అని పక్కనున్నాయన వంతపాడాడు.

లేని మనిషి రాకపోవడమే సాక్ష్యమైపోయింది.

ఇలాంటి కథలు ఎందుకంత బలంగా నిలబడతాయో నేను చాలా ఆలోచించాను. బాప్తిస్మం కథ ఒక్కటే కాదు, ఇంకా పుట్టాయి. రొయ్యల చెరువులున్నవాళ్ళు, చెరువు చుట్టూ వేసిన కరెంటు తీగ తగిలి పోతే కాలువలో పడేశారన్నారు. ఎదిగిన ఆడపిల్లలున్న ఇళ్ళలో ప్రేమ వ్యవహారమన్నారు. అన్నదమ్ములతో గట్టు తగాదా ఉన్నాయన, ఇది కచ్చితంగా పొలం గొడవేనని నాతో పందెం కాయబోయాడు. ఎవరి గుండెలో ఉన్న భయాన్ని వాళ్ళు ఆ తెల్లబట్టలకు తొడిగారు. పేరున్న మనిషి పోతే, ఆ చావుకి ఒక ఇల్లుంటుంది. మనం ఆ ఇంటి గుమ్మం దాకా వెళ్ళి, ఓదార్చి, వెనక్కి వచ్చి స్నానం చేసి అన్నం తింటాం. పేరు లేని శవానికి ఇల్లు లేదు. అది అందరి ఇళ్ళలోకీ వచ్చి కూర్చుంటుంది. దాన్ని సాగనంపడానికి ఏదో ఒక కథ కావాలి.

ఒకసారి చెప్పిన కథ మళ్ళీ వెనక్కి పోదు. ప్రభువు సమాధి దగ్గర కాపలా కాసిన భటులు మా డిపార్టుమెంటు వాళ్ళేనని నేను సంఘంలో సరదాకి అంటుంటాను. మేం నిద్రపోతుండగా శిష్యులొచ్చి దేహాన్ని ఎత్తుకుపోయారని వాళ్ళ చేత చెప్పించారు. నిద్రపోతున్నవాడికి ఎత్తుకుపోయింది ఎవరో ఎలా తెలిసింది? కొత్తగా చేరిన ఎస్సై అయినా ముందు ఆ ప్రశ్నే అడుగుతాడు. అయినా ఆ మాట ఇన్ని తరాలు నడిచింది. అలాంటిది లాకు దగ్గరి కథ ఆగుతుందా?

అయితే పాస్టరు గారిని రక్షించే సంగతి మా దగ్గరే ఉంది. ఆయన పద్ధతి ఊరందరికీ తెలిసిందే. నీళ్ళలో దిగేముందు మొలతాడు, తాయెత్తు, చేతికి కట్టిన దారాలు ఏవున్నా రేవు మెట్ల మీద బ్లేడుతో తెంపిస్తారు. అవి ఉంటే బాప్తిస్మం ఇవ్వరు. తెగిన దారాలు తమ బట్టలకు చుట్టుకుంటున్నాయని బట్టలుతికేవాళ్ళు ఆయనతో తగువులాడటం కూడా మామూలే. మొలతాడున్న మనిషిని ఆయన నీళ్ళలో ముంచారంటే ఎవరూ నమ్మరు. నేనొక్క మాట చెబితే చాలు.

కానీ చెబితే గుర్తు పోతుంది.

ఆ ఆదివారం మా సంఘ పెద్దలు ఆరాధన అయ్యాక నన్ను పక్కకు తీసుకెళ్ళారు. దాచిన గుర్తు ఏదో ఉందని మాత్రం వాళ్ళు పసిగట్టారు.

"దేవుని సేవకుణ్ణి వీధిలోకి ఈడుస్తుంటే మీరు నోరు మూసుకుని కూర్చున్నారు. మీ దగ్గరేదో ఆధారం ఉందంటున్నారు. అది చెప్పేస్తే అయిపోతుంది కదా?" అన్నారు ఒక పెద్ద.

"చెప్తే పాస్టరు గారు బయటపడతారండి. పోయినాయన మాత్రం ఎప్పటికీ దొరకడు" అన్నాను.

"బతికున్నవాడు ముఖ్యమా, పోయినవాడా?"

"పోయినాయనకి కూడా బతికున్నవాళ్ళు ఉంటారు కదండీ, ఎక్కడో."

ఆయన ఆ రోజు నాతో చేయి కలపకుండానే వెళ్ళిపోయారు. బయట జనమేమో నేను మతం చూసి కేసు తొక్కేశానంటున్నారు. లోపలివాళ్ళేమో నాకు విశ్వాసం చాలలేదంటున్నారు. ఇంటికొచ్చి మోకరించాను. జవాబు రాలేదు. ప్రతి ప్రార్థనకీ చేతిలో చీటీ పెట్టినట్టు జవాబొస్తుందని మీకెవరైనా చెబితే నమ్మకండి.

ఎస్సై గారు మాత్రం ఒకే మాట అన్నారు. "ఇంకొన్నాళ్ళు ఆగుదాం హెడ్డుగారూ. అసలువాళ్ళు వస్తే అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి." మునిసిపాలిటీ వాళ్ళు శవాన్ని శ్మశానంలో పూడ్చారు. పరీక్ష కోసం ఎముక నమూనా పంపాం. అసలువాళ్ళు రాలేదు.

ఇక ఆ రోజు సంగతి.

ఎస్సై గారు మీటింగుకని బందరు వెళ్ళారు. స్టేషన్లో ఉన్నవాళ్ళలో చాలామంది బందోబస్తుకి పోయారు. ఎండ బాగా ఎక్కే వేళ లస్కరు ఫోన్ చేశాడు.

"హెడ్డుగారూ, పాస్టరు గారిని రేవులోకి దింపారండి. తొందరగా రండి."

నేనూ మా కానిస్టేబులూ మోటారు సైకిలు మీద బయల్దేరాం. గట్టు మీదికి ఎక్కేసరికి జనం కనబడ్డారు. కొందరు చెట్ల నీడన, కొందరు మెట్ల మీద, చాలామంది చేతుల్లో ఫోన్లు పైకెత్తి. కాలువ నిండుగా పారుతోంది. పాస్టరు గారు ఛాతీ లోతు నీళ్ళలో ఉన్నారు. ఇద్దరు మనుషులు చెరో రెక్కా పట్టుకున్నారు. మెట్ల మీద నిలబడి వాళ్ళకి చెబుతున్నది ఆ ఊరి రైతు ఒకడు. అతని తమ్ముడు ఆ మందిరంలో చేరినప్పటినుంచి అతనికి పాస్టరు మీద మంట.

"ఎంతసేపు ముంచుతావో చూపించు పాస్టరూ! నువ్వు ముంచితే పుణ్యం, మేం ముంచితే పాపమా?"

వాళ్ళు ఆయన్ని ముంచారు. తెల్లజుట్టు నీళ్ళ మీద తేలుతూ కనబడింది. పైకి లేపారు. ఆయన దగ్గుతున్నారు, పెదవులు కదుపుతున్నారు. ఆ పెదవులు ఏమంటున్నాయో నాకు తెలుసు.

"వదలండ్రా ఆయన్ని!" అని అరిచాను. జనం నాకు దారి ఇవ్వలేదు.

"వచ్చాడమ్మా, మతం చుట్టం వచ్చాడు!" అన్నారెవరో వెనకనుంచి.

"కేసు ఎంతకి తొక్కావు హెడ్డూ?"

"మేమేం చంపట్లేదండీ, అడుగుతున్నామంతే" అన్నాడు రైతు. అతని కళ్ళు మాత్రం అలా లేవు. నన్ను చూశాక ఇంకా ఎర్రబడ్డాయి. రెండో మునక మొదటిదానికన్నా పొడుగైంది. లాఠీతో ఆ గుంపును చెదరగొట్టడం ఇద్దరి వల్ల కాదు. కొడితే తోపులాట జరుగుతుంది, తోపులాట జరిగితే ఆ ఇద్దరి చేతుల్లోంచి ముసలాయన జారి లాకు వైపు పోతారు. మా కానిస్టేబులు నా మొహంలోకి చూశాడు. అతనికీ ఆ మొలతాడే గుర్తొచ్చిందని తెలిసింది.

నేను మోటారు సైకిలు సీటు మీదికెక్కి నిలబడ్డాను.

"ఆ మనిషి నడుముకి మొలతాడుంది! ఎర్రదారం, రాగి తాయెత్తు! ఈ పాస్టరు గారు మొలతాడు తెంపకుండా ఎవర్నైనా దింపారా? ఈ ఊళ్ళో ఒక్కరైనా చూశారా? చెప్పండి!"

గొంతు చిరిగిపోయేలా అరిచాను. నమ్మలేదు. అబద్ధమన్నారు. అప్పుడు నా ఫోను తీసి, మార్చురీలో తీసిన ఫొటో చూపించాను. దారం, ముడి, తాయెత్తు, అన్నీ. ఎన్ని ఫోన్లు దాని మీదికి వంగి దాన్ని మళ్ళీ ఫొటో తీశాయో చెప్పలేను. ఆ క్షణంలో నాకు తెలుసు. ఇంతకాలం గుప్పిట్లో పట్టుకున్నది విప్పి కాలువలో పోసేశాను.

వాళ్ళు ఒప్పుకున్నారనుకుంటున్నారా? లేదు. ఒకడు వెంటనే, "అదేరా! తెంపనివ్వనన్నాడు, అందుకే ముంచేశాడు!" అన్నాడు.

"నోర్మూయ్ బావా, తెంపకుండా మెట్టు దిగనివ్వడు ఆయన. మా బామ్మర్దికి తిరుపతి దారం తెంపబోతే ఎంత గొడవయింది?"

"పోలీసోళ్ళే కట్టుంటారు తర్వాత."

"శవానికి మొలతాడు కడతారా ఎవరైనా? బుద్ధుందా?"

నా మాట వాళ్ళను మార్చలేదు. వాళ్ళలో వాళ్ళకు తగువు మాత్రం పెట్టింది. అంతే చాలైంది. రెక్కలు పట్టుకున్న ఇద్దరూ ఆ వాదన వినడానికి తలలు తిప్పారు. మా కానిస్టేబులు బూట్లతోనే నీళ్ళలోకి దూకాడు. ముసలాయన్ని భుజాన వేసుకుని పక్క మెట్ల మీదుగా ఎక్కాడు. ఎవరూ ఆపలేదు. ముగ్గురం ఒకే బండి మీద ఆసుపత్రికి పోయాం. మామూలు రోజున అలా వచ్చినవాళ్ళకి చలానా రాసేవాణ్ణి.

ఆసుపత్రి మంచం మీద పాస్టరు గారు దుప్పటి కప్పుకుని వణుకుతూ అడిగారు. "బ్రదర్, ఆ తాడు సంగతి మీరు చెప్పకూడనిదా?"

"ఔనండి."

"నాకోసం చెప్పారు."

ఆయన కళ్ళు మూసుకున్నారు. కృతజ్ఞతలు చెప్పలేదు. చెప్పనందుకు నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

సాయంత్రం ఎస్సై గారు బందరునుంచి వచ్చేసరికే వీడియో చూసేశారు. నీళ్ళలో దింపినవాళ్ళ మీద కేసు రాయించారు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, "మనిషి బతికాడు, మంచి పని చేశారు. కానీ హెడ్డుగారూ, రేపటినుంచి తప్పిపోయిన ప్రతివాడికీ రాగి తాయెత్తు ఉంటుంది చూడండి" అన్నారు.

ఆయన అన్నట్టే ఫోన్లు వచ్చాయి. కొన్ని ఆకతాయివి, కొన్ని ఆశతో చేసినవి. మర్నాడు మధ్యాహ్నం ఒకామె స్టేషను మెట్ల దగ్గర నిలబడి కనబడింది. ముదురు నీలం చీర, చేతిలో గుడ్డ సంచి. గుడివాడ దగ్గర ఒక పల్లె నుంచి బందరు మీదుగా బస్సులు మారి వచ్చానంది. రైసుమిల్లులో వడ్లు ఆరబోసే పని.

"ఆయన నా మొగుడండి" అంది, కూర్చోకుండానే.

"ఎలా చెప్తున్నావమ్మా?"

"మొలతాడండి. నేనే కట్టాను. జొరం వచ్చి ఎన్నాళ్ళకీ తగ్గకపోతే తాయెత్తు తెచ్చి కట్టానండి. ఎర్రదారమే కావాలన్నారు."

మా కానిస్టేబులు నా వైపు చూసి తల దించుకున్నాడు.

"వీడియో చూశావా అమ్మా?"

ఆమె అబద్ధం ఆడి ఉంటే నాకు తేలికయ్యేది. "చూశానండి. మిల్లులో ఆడాళ్ళు నిన్న చూపించారు. చూసే వచ్చాను."

"మరి తెల్లబట్టలు?"

"పెళ్ళిళ్ళలో వడ్డించడానికి పోయేవాడండి. క్యాటరింగు వాళ్ళు తెల్లవే ఇస్తారు. ఎవరి దగ్గర చేసేవాడో నాకు చెప్పేవాడు కాదు. పనుంటే పోవడం, రెండ్రోజులకి రావడం. ఈసారి రాలేదు."

మేం అప్పటికప్పుడు ఫోన్లు చేసి క్యాటరింగు వాళ్ళని వాకబు చేశాం. మా మనిషి కాదని అందరూ అన్నారు. నిజమే అయ్యుండొచ్చు. ఇరుక్కుంటామని భయపడీ అనుండొచ్చు. ఎముక నమూనాతో పోల్చే రక్తపరీక్షకు ఆయన తోబుట్టువులో పిల్లలో ఎవరైనా ఉన్నారా అని అడిగాం. చిన్నప్పుడే విజయనగరం వైపునుంచి బతకడానికి వచ్చాడట. అయినవాళ్ళెవరో ఆమెకు తెలియదు. పిల్లలు పుట్టలేదు. ముడి ఎలా వేశావని అడిగాను. చేతులతో వేసి చూపించింది. సరిగ్గానే వేసింది. ఫొటోలో కూడా అలాగే ఉంది మరి.

ఎస్సై గారు నన్ను లోపలికి పిలిచారు. "ఆవిడే భార్య అని రాసేద్దామా? ఆవిడకి ఒక సమాధానం దొరుకుతుంది. పాస్టరు మీద నింద పోతుంది. జనం నోళ్ళు మూతబడతాయి. మీరు సరేనంటే నాకు సరే."

ఒక్క సరే. అందరికీ మంచి జరిగే మాట. కానీ ఆ మనిషి వేరే అయితే, ఇంకెక్కడో ఒకామె ఏ రైలొచ్చినా చూస్తూ ఉంటుంది. ఈమె భర్త బతికే ఉంటే, రేపు గుమ్మంలోకి వచ్చి నిలబడితే? చూడనిది చూశానని చెప్పొద్దని పిల్లలకు ప్రతి ఆదివారం నేర్పుతాను. మంచి కోసమైనా సరే.

"నిర్ధారణ కాలేదనే రాద్దామండి" అన్నాను. ఆయన అలాగే రాయించారు. అందుకే ఆ కేసు ఈ రోజుకీ గుర్తుతెలియని శవం కేసుగానే ఉంది. మీరు నా అరుగు మీద కూర్చుని అడిగే ప్రశ్నలన్నీ ఆ ఖాళీలోంచి పుట్టినవే.

ఆమెకు సంగతి చెప్పాను. కోపగించుకోలేదు. సంచి ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తూ అడిగింది.

"నిన్న పొద్దున్నే వచ్చుంటే నమ్మేవారాండి?"

"ఆ తాడు సంగతి నీ నోటితో చెప్పుంటే నమ్మేవాణ్ణమ్మా."

"తెల్లబట్టలని విన్నరోజే గుండె జారిందండి. రావాలనుకున్నాను. మిల్లులో లారీ లోడింగు ఉంది, పోతే పని పోతుందన్నారు. ఇంకెవరో అయ్యుంటార్లే అని నాకు నేనే చెప్పుకున్నాను." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ ముసలాయన బానే ఉన్నారాండి? నీళ్ళలో దింపినాయన?"

"బానే ఉన్నారమ్మా."

"పోనీలెండి. నాకు ఆ చోటు చూపించండి చాలు."

శ్మశానం ఊరి చివర, చేల పక్కన. ఎండ కాస్త తగ్గింది. మునిసిపాలిటీ వాళ్ళు పాతిన కర్ర తప్ప అక్కడ గుర్తేమీ లేదు. మట్టి ఇంకా మెత్తగానే ఉంది. ఆమె చెప్పులు దూరంగా విడిచి వచ్చి కూర్చుంది.

"మీరు ప్రార్థన చేస్తారంట గదండీ. చెయ్యండి."

"పేరేంటమ్మా ఆయనది?"

ఆమె తడబడింది. స్టేషన్లో కూడా పేరు నోటితో చెప్పలేదు. అక్కడ ఆధార్ కార్డు తీసి మా కానిస్టేబులుకి చూపించింది. "ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదండి. మాలో పిలవరు."

"చెప్పకపోయినా ఫర్వాలేదమ్మా. దేవుడికి తెలుసు."

ఆమె ఒక చెయ్యి మట్టి మీద ఆనించింది. కాస్త వంగి, ఒక పేరు పిలిచింది. గట్టిగా కాదు. పక్కగదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు. పిలిచాక, జవాబు వినడానికి ఆగినట్టు తల పక్కకు వంచి అలాగే ఉండిపోయింది. నేను కళ్ళు మూసుకోవాల్సినవాణ్ణి. మూసుకోలేకపోయాను.

చాలాసేపటికి ఆమె నా వైపు తిరిగింది.

"ఆయనో కాదో తెలియట్లేదండీ" అంది.

నాకూ తెలియదని చెప్పాను. ఇద్దరం అక్కడే కూర్చుని, ఆ మట్టిలో ఉన్నాయన ఎవరైనా సరేనని, ఆ పేరుతోనే ప్రార్థన చేశాం.